అప్పాజీ ఇంటివారు

ధర్మవరము నుండి హిందూపురము వైపు రైలులో పోవువారికి, పెనుకొండ దగ్గరపడుచుండగా, ఊరిని కప్పివేయునంత కొండ యొకటి కన్పట్టును. పేరునకు తగినట్లే అది పెనుకొండ. కోటగోడలను, గగనమహలును, బాబయ్య దర్గాను చూడవచ్చిన వారికి అచ్చటి పెద్దలు మరి రెండు తావులను గూడ చూపుదురు. ఒకటి తిమ్మరుసు బందిఖానా అని పేరుపడిన కట్టడము. రెండవది తిమ్మరుసు సమాధి అని చెప్పు మంటపము. ఈ తిమ్మరుసు ఎవరని పిల్లలు అడిగినచో పెద్దలు చెప్పు సమాధానము క్లుప్తము: కృష్ణదేవరాయలకు రాజ్యమిచ్చినవాడు, ఆ రాయలచేతనే కన్నులు పోగొట్టుకొన్నవాడు.

ఈ సమాధానములో ఒక రాజు, ఒక మంత్రి మాత్రమే కలరు. పాఠ్యపుస్తకములలోను ఇంతే. కాని శాసనములను, కావ్య పీఠికలను, పోర్చుగీసు వారి వ్రాతలను ఒకచోట చేర్చి చదివినచో, ఇది ఒక మనుష్యుని కథగాక ఒక ఇంటి కథగా తోచును. తమ్ముడు, తోబుట్టువు, ఆమె కుమారులిద్దరు, తన కన్నకొడుకులు - వీరందరును తిమ్మరుసు పెరిగినప్పుడు ఆయనతో పెరిగినవారు. ఆయన పడినప్పుడు వీరిలో కొందరు ఆయనతోనే పడిరి. ఆ ఇంటిని గూర్చి తెలిసికొనక తిమ్మరుసు ఉన్నతియు తెలియదు, పతనమును తెలియదు.

మొట్టమొదట పేరు విషయమున ఒక భ్రమను తొలగించుకొనవలెను. సాళువ తిమ్మరుసు అనగానే విద్యార్థులు పలువురు ఆయనను సాళువ నరసింహరాయల జ్ఞాతిగా తలంతురు. అది పొరపాటు. సాళువ నరసింహుడు క్షత్రియత్వమును చెప్పుకొన్న రాజకుటుంబము వాడు. తిమ్మరుసు కౌండిన్య గోత్రజుడైన బ్రాహ్మణుడు, రాచయ కుమారుడు. సాళువ ప్రభువుల కొలువుతోడి సంబంధము వలన ఆ పేరు ఇంటికి అంటియుండునని ఊహింపవచ్చును. పేరు చివరనున్న 'అరసు' రాజు అను అర్థముగల కన్నడపదమే. విజయనగరపు కొలువులో మంత్రులకును దండనాయకులకును అది గౌరవవాచకమై చెల్లినది. కావున పేరులో రెండు మారులు రాచరికము పలుకుచున్నను, ఆయన పుట్టినది మాత్రము మంత్రాంగపు ఇంట.

తిమ్మరుసు తన సోదరిని నాదెండ్ల వారి ఇంట ఇచ్చెను. ఇప్పటి పల్నాడు జిల్లాలోని నాదెండ్ల గ్రామమే ఆ ఇంటిపేరునకు మూలము. ఆ దంపతులకు కలిగిన కుమారులు అప్పయు గోపయు. కావ్యములలో వీరు అప్పన మంత్రి, గోపన మంత్రి అని కూడ కనిపింతురు. అప్పన తిమ్మరుసునకు మేనల్లుడే గాక అల్లుడు కూడనని సాహిత్య చరిత్రలలో కలదు. మేనరికము మనయెడ వింత కాదు గదా! మేనమామ మామగారగుట తెలుగు ఇండ్లలో ఎన్ని తరముల నుండియో ఉన్నదే. అయితే ఈ మేనమామ చేతిలో సామ్రాజ్యమే యుండెను. అదియొక్కటే భేదము.

సామ్రాజ్యము ఆయన చేతిలోనికి ఎట్లు వచ్చెనో చెప్పు కథ మేకకన్నుల కథ. దానిని ఎరుగని తెలుగువాడు అరుదు. అది వట్టి పుక్కిటి పురాణము కాదు, ఇంచుమించు సమకాలికుడైన ఫెర్నావ్ నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుని వ్రాతలో గూడ కలదు. నూనిజ్ 1535 ప్రాంతమున విజయనగరమున ఉండి, తాను విన్నదానిని వ్రాసిపెట్టెను. ఆతడు చెప్పునది ఇది: వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి తిమ్మరుసును పిలిపించి, తన ఎనిమిదేండ్ల కుమారునకు పట్టము దక్కవలెను గనుక తమ్ముడైన కృష్ణరాయల కన్నులు పెరికించి తెచ్చి చూపుమనెను. తిమ్మరుసు కృష్ణరాయలను ఒక సాలలోనికి పిలిచికొనిపోయి అన్న ఆజ్ఞను వినిపించెను. నాకు రాజ్యము వలదు, జోగినై దేశములు పట్టిపోయెదనని ఆ యువకుడు పలికెను. ఇరువది యేండ్లు దాటిన ఆ సోదరునే రాజ్యార్హునిగా ఎంచి, మంత్రి ఒక మేకను తెప్పించి దాని కన్నులు తీయించి రోగికి చూపించెను. రాజు కన్నుమూసెను. 1509లో కృష్ణరాయలు గద్దె నెక్కెను.

ఈ కథ అక్షరాల జరిగినదా లేదా అను తర్కము పండితులకు విడుచుదము. ఒక్క సంగతి మాత్రము స్పష్టము. రాయలు గతించి ఆరేడేండ్లు గడచిన పిమ్మట కూడ, రాజ్యమును ఇచ్చినది తిమ్మరుసేయని నగరమున చెప్పుకొనుచుండిరి. కొత్త రాజు ఆయనను అప్పాజీ అని పిలిచెనని తెలుగువారి వాడుక. తండ్రిని పిలుచు పిలుపది. 1520 ప్రాంతమున నగరమును చూచిన మరియొక పోర్చుగీసువాడు డొమింగో పాయిస్, రాజునకు మిక్కిలి ఇష్టుడు తిమ్మరుసను ఒక వృద్ధుడనియు, రాజమందిరమంతయు ఆయన ఆజ్ఞలో నడచుననియు, గొప్ప దొరలు రాజుయెడ మెలగునట్లే ఆయనయెడ మెలగుదురనియు వ్రాసెను.

రాజుతో సమానమైన మర్యాద పొందు మంత్రికి చేతిక్రింద నమ్మకస్థులు కావలెను. ఆ కాలమున నమ్మకమనగా రక్తసంబంధమే. కళింగ దండయాత్రలో 1514లో ఉదయగిరియు, 1515 జూను 23న కొండవీడును విజయనగరమునకు లోబడెను. కొండవీటిని గెలిచినవాడు తిమ్మరుసేయని శాసనములు చెప్పుచున్నవి. గజపతి కుమారుడు వీరభద్రుడు అచ్చటనే చిక్కెను. గెలిచిన సీమను ఏలుటకు ఎవరిని నిలుపవలెను? మంగళగిరి శాసనమును చదివినచో సమాధానము దొరకును. తిమ్మరుసు వలన అప్పనకు వినుకొండ, గుత్తి మొదలైన చోట్ల అధికారమును, పల్లకి చామరముల గౌరవమును, ఏనుగులు గుఱ్ఱములు కాల్బలము గల సేనకు నాయకత్వమును లభించెను. గోపనకు కొండవీటి పాలన దక్కెను. కొండవీటిలో రఘునాయకుని ఆలయమును ఉద్ధరించినవాడు ఈ గోపనయే. ఇచ్చట నూనిజ్ ఒక చిన్న తప్పు చేసెను. తిమ్మరుసు రాజు వెంట పోవలసియుండుటచే తన సోదరుని కొండవీట నిలిపెనని ఆతడు వ్రాసెను. శిలాశాసనము మేనల్లుడని చెప్పుచున్నది. బంధుత్వ విషయమున విదేశీయుని చెవికంటె మన రాతిని నమ్ముటయే మేలు.

తమ్ముని సంగతి వేరు. సాళువ గోవిందరాజు పేరు దక్షిణమున కన్నడదేశపు శాసనములలో కనబడును. ఇప్పటి చామరాజనగర జిల్లాలోని తెరకణాంబి సీమ ఆయన ఏలుబడిలో నుండెను. గుత్తి ఒకరిది, కొండవీడు ఒకరిది, తెరకణాంబి ఒకరిది, రాజధానిలో ప్రధానపదవి పెద్దవానిది. భారతదేశ పటమును బల్లపై పరచి విద్యార్థులచే ఈ నాలుగు చోట్లను గుర్తింపజేసినచో, ఒక్క ఇంటివారి నీడ ఎంత దూరము ప్రాకెనో ఉపాధ్యాయుడు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ఇంటివారు కత్తిని మాత్రమే పట్టినవారు కారు. తిమ్మరుసు పేర అగస్త్యుని బాలభారతమునకు మనోహరమను సంస్కృత వ్యాఖ్య కలదు. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమునకు గోపన చంద్రికయను వ్యాఖ్యను వ్రాసెను. అది అచ్చుపడి పండితుల చేతులలో నలిగినది. మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రమును అంకితము పొందినవాడు అప్పన. మల్లన అష్టదిగ్గజములలో ఒకడని ప్రసిద్ధి. అంతటివాడు రాజునకు గాక మంత్రి మేనల్లునకు కావ్యకన్య నిచ్చుట ఆ మేనల్లుని సిరిసంపదలకును రసజ్ఞతకును గురుతు. ఉత్తరోత్తర రాయలకు ఈ ఇంటిపై కలిగిన అనుమానమునకు ఇట్టి చిన్న చిన్న వైభవములు కూడ పాలుగొని యుండవచ్చునని తలంచుట అసంగతము కాదు.

ఇక పతనము. రాయలకు తిరుమలదేవియందు కలిగిన కుమారుడు తిరుమలరాయడు. రాయలు తన వయస్సు మీరుచున్నదని తలంచి, తాను బ్రతికియుండగనే ఆరేండ్ల బాలునకు పట్టము కట్టదలచెను. 1524 నాటి శాసనములలో ఆ బాలుని పేర పాలన కన్పట్టుచున్నది. నూనిజ్ కథనము ప్రకారము, రాయలు తాను మంత్రి స్థానమున నిలిచి, అంతవరకు మంత్రియైన తిమ్మరుసును సలహాదారుగా చేసి, ఆయన కుమారునకు గొప్ప అధికారము నిచ్చెను. ఎనిమిది నెలలు ఉత్సవములు జరిగెను. ఉత్సవములు ముగియక మునుపే బాలుడు జబ్బుపడి మరణించెను.

తరువాత రాయలకు ఒక మాట చెవిని పడెను. బాలునకు విషము పెట్టినవాడు తిమ్మరుసు కుమారుడు తిమ్మ దండనాయకుడట! ఎవరు చెప్పిరో, ఏ సాక్ష్యముతో చెప్పిరో నూనిజ్ వ్రాయలేదు. రాయలు తిమ్మరుసును, ఆయన కుమారుని, తమ్ముని, దండనాయకులైన బంధువులను పెక్కుమందిని సభకు పిలిపించెను. నిన్ను నేను ఎల్లప్పుడును పరమమిత్రునిగా చూచితిని, నలువది యేండ్లు రాజ్యభారమును మోసితివి, ఈ రాజ్యమును నీవే నాకు ఇచ్చితివి, కాని నా కుమారుని చంపించితివి - అను భావము వచ్చునట్లు పలికి, అచ్చటనే అందరిని పట్టించెను. అందులకు నగరమునకు గుఱ్ఱములను తెచ్చిన పోర్చుగీసు వారి సహాయమును కోరెనట. తన కొలువులో తన సైన్యము నడుమ నిలిచిన చక్రవర్తి, ఒక వృద్ధ బ్రాహ్మణుని బంధించుటకు పరదేశపు గుఱ్ఱపు వర్తకుల తోడు వెదకికొనెను! ఆ ఇంటివారి వేళ్లు ఎంత లోతునకు పోయెనో, వారిని చూచి రాజు ఎంత జంకెనో చెప్పుటకు ఈ ఒక్క వివరము చాలును.

మూడేండ్లు చెరలో గడచినవి. కుమారుడు తప్పించుకొని, కొండలలోనున్న ఒక బంధువును ఆశ్రయించెను. ఇచ్చటను బంధుత్వమే! ఆ బంధువు ఆదరించి బలమిచ్చెను. తిమ్మ దండనాయకుడు రాయలపై తిరుగబడి ఆయనను పెద్ద ఇక్కట్టున పడవేసెను. రాయలు తన మంత్రి నొకనిని సేనతో పంపి ముట్టడింపజేసి వానిని పట్టి తెప్పించెను. పిమ్మట తండ్రిని, పారిపోయిన కుమారుని, చెరలోనున్న గోవిందరాజును వధ్యస్థలమునకు నడిపించిరి. బ్రాహ్మణులను ఈ దేశమున చంపరు గనుక కన్నులు మాత్రము తీయించిరని నూనిజ్ వ్రాసెను. కుమారుడు చెరలోనే మరణించెను. తండ్రియు గోవిందరాజును అచ్చటనే ఉండిపోయిరి. ఈ గోవిందరాజును నూనిజ్ ఒకచోట తమ్ముడనియు మరియొకచోట కుమారుడనియు చెప్పుచున్నాడు. ఆ ఇంటిలో ఆ పేరుగలవారు ఇద్దరుండిరో, ఆతడే పొరబడెనో.

తిమ్మరుసు దోషియా? తెలుగు జనశ్రుతి ఎన్నడును ఒప్పుకొనలేదు. ఇది గజపతుల కుట్రయనియు, కొండెగాండ్ర మాటలు విని రాయలు మోసపోయెననియు చెప్పుదురు. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన మహామంత్రి తిమ్మరుసు చిత్రములో గుమ్మడి తిమ్మరుసుగాను, ఎన్.టి. రామారావు రాయలుగాను నటించి, ఆ నమ్మకమును ఊరూర పాదుకొలిపిరి. అంతకు మునుపే చిలుకూరి వీరభద్రరావుగారు ఈ మంత్రి చరిత్రమును గ్రంథముగా రచించియుండిరి. న్యాయదృష్టితో చూచినచో రెండు వైపులను మాటలు కలవు. మంత్రిపదవి చేజారి సలహాదారు స్థానమునకు దిగుట ఆ ఇంటివారికి కష్టము తోచియుండవచ్చును. అది అనుమానమునకు తావిచ్చును. అయితే ఆరేండ్ల బాలుడు గద్దెపై నున్నచో, రాయల అనంతరము రాజ్యమును నడుపవలసినవారెవరు? వృద్ధ మంత్రియు ఆయన కుమారుడునే గదా. బాలుడు బ్రతికియున్నచో వారికి లాభము, మరణించినచో నష్టము. విషము పెట్టినవాడు కుమారుడన్న అభియోగము వినుటకు ఎంత సులభమో, కారణమును వెదకునప్పుడు అంత బలహీనము. బాలుడు వ్యాధిచేతనే మరణించియుండవచ్చును. దొరల ఇండ్లలో బిడ్డ చనిపోయినప్పుడెల్ల విషమను మాట పుట్టుట లోకమున క్రొత్త కాదు.

దూరదేశపు చరిత్రలో దీనికి ఆశ్చర్యకరమైన పోలిక యొకటి కలదు. ఆంగ్లదేశమున రాజు జాన్ తన అన్నకొడుకైన ఆర్థరును ఫలేజ్ కోటలో బంధించి, వాని కన్నులు తీయించుడని భటులను పంపెను. కోట కాపరియైన హ్యూబర్ట్ డి బర్గ్ దానిని జరుగనీయక, బాలుడు మరణించెనని వార్త పుట్టించెను. ఇది 13వ శతాబ్ది మొదటి యేండ్ల మాట. షేక్స్పియర్ నాటకము వలన ఆ ఘట్టము ప్రసిద్ధి కెక్కినది. మేకకన్నుల కథకు ఇది మూడు వందల యేండ్ల ముందరి అన్న! తరువాత 1216లో తొమ్మిదేండ్ల మూడవ హెన్రీ రాజు కాగా, ఈ హ్యూబర్టే ప్రధాన న్యాయాధికారియై రాజ్యమును నిలిపెను. 1217లో ఫ్రెంచి నౌకలను సముద్రముపై ఓడించెను. స్కాట్లండు రాజు సోదరిని పెండ్లియాడెను. ఆయన సోదరుడు జెఫ్రీ 1225లో ఈలీ పట్టణమునకు బిషప్ అయ్యెను. అన్నకొడుకు రిచర్డునకు 1227లో ఐర్లండులోని కొనాట్ సీమ లభించెను. 1232లో పెరిగి పెద్దవాడైన రాజు ఆ వృద్ధుని పదవినుండి త్రోసి చెరలో వేసెను. మోపిన నేరములలో దొరలకు విషము పెట్టెననునది యొకటి! ఆయన కాళ్లకు సంకెళ్లు చేయుమన్నప్పుడు, పరదేశీయుల నుండి మా దేశమును కాపాడినవానికి నేను సంకెళ్లు చేయనని ఒక కమ్మరి నిరాకరించెనని నాటి చరిత్రకారులు వ్రాసిరి.

బాలుని కన్నులను కాపాడుట, మేనవారికి సీమలు, విషపు నేరము, చెర - అన్నియు సరిపోవుచున్నవి. సరిపోనిది ముగింపు. 1234లో హ్యూబర్టునకు ఆస్తులు తిరిగి వచ్చినవి. 1243లో తన ఇంటనే కన్నుమూసెను. ఆయన పక్షమున మాటాడు దొరలుండిరి, మతగురువులుండిరి, రాజు కూడ పాటింపవలసిన అధికారపత్రములుండెను. తిమ్మరుసునకు ఉన్నది బంధువర్గమొక్కటే. ఆ బంధువర్గమంతయు ఆయనతోపాటు చెరలో నుండగా మాటాడువారెవరు? అప్పనకు గుత్తియు గోపనకు కొండవీడును ఇచ్చిన చేతులే, రాజు కోపము వచ్చిననాడు అందరిని ఒకే త్రాటితో కట్టుటకు వీలుగా ముడివేసి పెట్టినట్లయ్యెను.

తెలుగు గ్రంథముల మౌనము విచారింపదగినది. రాయవాచకము రాయల కథను వచనమున చెప్పు గ్రంథము, మధుర నాయకుల ఆశ్రయమున వెలసినది. అందు అప్పాజీ పుట పుటను కలడు. యువరాజునకు నీతి చెప్పును, వేగులను నడుపును, గజపతి యొక్క పదునారుగురు పాత్రులకు ధనముతో జాబులు పంపి రాజునకు వారిపై అనుమానము పుట్టించి యుద్ధము లేకయే గెలుచును. అంతవరకే. మంత్రి కన్నులు పోయిన సంగతి అందు లేదు. అనుమానమనెడి ఆయుధముతో గజపతిని గెలిచిన అప్పాజీ, అదే ఆయుధమునకు గురియయ్యెనని చెప్పుటకు ఆ గ్రంథకర్తకు మనసొప్పలేదో, తెలియదో. ఆ ఇంటివారిని కీర్తించు శాసనములన్నియు వైభవ కాలమున చెక్కినవి. దుఃఖమును ఎవరు రాతిపై వ్రాయింతురు? మనవారు చెప్పనిదానిని గుఱ్ఱములమ్ముకొన వచ్చినవాడు వ్రాసిపోయెను. 1900లో రాబర్ట్ స్యూయల్ ఆ వ్రాతను ఆంగ్లమున ప్రకటించు దాక, తిమ్మరుసు కడపటి దినములను గూర్చి మన పండితులకు ఆధారము జనుల నోటిమాట మాత్రమే.

1529లో రాయలు గతించెను. తమ్ముడు అచ్యుతరాయలు గద్దె నెక్కెను. ప్రధానపదవి ఇతరుల ఇండ్లకు పోయెను. పెనుకొండ పేరును నూనిజ్ ఈ సందర్భమున ఎత్తలేదు. గ్రుడ్డివాడైన మంత్రి కడపటి యేండ్లు ఈ కొండ క్రిందనే గడచినవని నిలిపి చెప్పుచున్నది ఈ సీమ ప్రజలు. 1565 తరువాత విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని ఈ పెనుకొండకే తెచ్చెను. రాచబాటలు, కొలువులు, మహళ్లు ఇచ్చటికి వచ్చెను. వాటి పేర్లు నేడు ఊరివారికి అన్నియు తెలియవు. బందిఖానా పేరు మాత్రము అందరికిని తెలియును. రైలు దిగి కోటవైపు నడచు పిల్లలు దారి అడిగినచో, ఏ అరుగు మీది పెద్దయైనను చేయి చాచి చూపును.